రెండో ఇటుక

“అక్కా! విషం లేదంట! మా నాన్న కడుపులో సుక్క విషం లేదంట!”

నానాజీ మెట్లెక్కి వచ్చాడో ఎగిరి వచ్చాడో తెలియలేదు. చేతిలో ఫోను, కాలికి ఒకటే చెప్పు. రెండోది మెట్ల మీదే ఎక్కడో ఉండిపోయింది. ధనశ్రీ అప్పుడే విప్పిన ఇడ్లీ పొట్లం పక్కకు జరిపి గడియారం చూసింది. పది గంటల ఐదు నిమిషాలు.

“ఎవరు చెప్పారు?”

“లాయరు గారు పంపేరు. ల్యాబు కాయితం. నువ్వే సూడు.”

చూసింది. మునగపాక రైతు సూరిబాబు, వయసు అరవై ఎనిమిది. పురుగుమందు ఆనవాళ్ళు లేవు. మరే విషం ఆనవాళ్ళూ లేవు. ఈ నాలుగు ముక్కల కోసం నలభై రోజులు పట్టింది. మామగారికి చెరకుతోటకు కొట్టే మందు పెట్టి చంపిందని నానాజీ భార్య అమ్మణ్ణిని పోలీసులు పట్టుకెళ్ళారు. ఐదో నెల కడుపుతో ఆమె మహిళా జైల్లో ఉంది. ధనశ్రీ మూడుసార్లు వెళ్ళి కలిసింది. అడిగినదానికి జవాబు ఉండేది కాదు. ఆమె అడిగేది మాత్రం ఒక్కటే. “మా అత్త అన్నం తింటందా?”

నానాజీ జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. తమ బట్టీలో ఆ ఉదయమే దించిన బెల్లం, ఇంకా గోరువెచ్చగా ఉంది.

“నోరు తీపి సేసుకో అక్కా. రేపో ఎల్లుండో ఇంటికొచ్చెత్తాది గదా మా అమ్మణ్ణి?”

ధనశ్రీ ఓ ముక్క విరిచి నోట్లో వేసుకుంది. కొరకాల్సిన పని లేకుండా కరిగిపోయింది. ఎనిమిదేళ్ళు ఆసుపత్రి మందుల కౌంటర్లో నిలబడి, ఆ పైన ఈ డిటెక్టివ్ బోర్డు తగిలించాక ఆమెకు వచ్చినవన్నీ పెళ్ళికొడుకుల ఉద్యోగాల ఆరాలే. ఇదే మొదటి హత్య కేసు. ఇదే మొదటి గెలుపు. బెల్లం అంత తియ్యగా ఉండటంలో వింతేమీ లేదు.

అప్పుడు ఆమె చూపు కాగితం అడుగున పడింది. రెండు పేజీలలో మొదటిది, అని చిన్న అక్షరాల్లో ఉంది.

“రెండో పేజీ ఏదీ?”

నానాజీ మొహంలో నవ్వు ఇంకా చెదరలేదు. “రెండోదేటి? ఇదే పంపేరు.”

ధనశ్రీ నాలుక మీది తీపి మింగేసి లేచింది.

*

“రండి రండి డిటెక్టివ్ గారూ. ఈసారి ఏ పెళ్ళికొడుకు?” సి.ఐ. దేవీప్రసాద్ కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు.

“రెండో పేజీ కావాలి.”

“దాని కోసం పరిగెత్తుకొచ్చారా! అడిగితే నేనే పంపేవాణ్ణి.” కాగితాన్ని ఒంటి వేలితో ఆమె వైపు తోశాడు. నానాజీ ధనశ్రీ భుజం మీదుగా తొంగి చూశాడు. ఇంగ్లీషు ముక్కలు అతనికి అర్థం కాలేదు. ధనశ్రీ మొహం అర్థమైంది.

“ఏటక్కా?”

“మీ నాన్నకి నొప్పికి వేసే ప్యాచ్ ఉందే, దాన్లో మందు. రక్తంలో ఉండాల్సిన దానికి నాలుగింతలు ఉందట.”

సూరిబాబుకు కేన్సరు వెన్నెముకలోకి పాకింది. మాత్ర మింగితే కడుపులో నిలిచేది కాదు. అందుకని విశాఖలోని ఆసుపత్రివాళ్ళు అగ్గిపెట్టె అంత ప్యాచ్ ఇచ్చారు. ఒంటికి అతికిస్తే మూడు రోజుల పాటు బొట్టు బొట్టుగా మందు దిగుతుంది. ఎంత పెద్ద నొప్పినైనా అణిచే మందు. మోతాదు మించితే ఊపిరినీ అణిచేస్తుంది.

“విషం మారింది, మనిషి మారలేదు,” అన్నాడు దేవీప్రసాద్. “ప్యాచ్ వేసేది అమ్మణ్ణి ఒక్కతే. ‘ఇంత బాధ పడేకంటే మావయ్య పోతేనే సుఖం’ అని వీధి కుళాయి దగ్గర నలుగురి ముందూ అంది. ఆయన పోయిన గురువారం పొద్దున్నే ఐదున్నర బస్సుకి విశాఖ వెళ్ళింది. వెళ్ళేముందు, ఒంటి మీద ఒకటి ఉండగానే రెండో ప్యాచ్ వేసింది. పన్నెండూ పదికి తిరిగొచ్చి పీకేసింది. పన్నెండున్నరకి ముసలాయన పోయాడు. ఇక మీరు చెప్పండి.”

“లెక్క చెప్పమంటారా?” ధనశ్రీ అప్పటికే ఫోను కలిపి స్పీకరు నొక్కింది. అవతల సుమశ్రీ, ఆ ఆసుపత్రిలో నొప్పి విభాగం నర్సు. “సుమా, సూరిబాబు గారి ఆఖరి పెట్టెలో ప్యాచ్‌లెన్ని?”

“ఐదండీ. వాడినవి వెనక్కిస్తేనే కొత్త పెట్టె ఇస్తాం. గురువారం తొమ్మిదీ నలభైకి అమ్మణ్ణి మూడు తెచ్చింది. రిజిస్టరులో సంతకం ఉంది.”

“మూడు. సార్, మీరు ఇంట్లో పట్టుకున్నవి?”

దేవీప్రసాద్ పెదవి విరిచాడు. “సీలు తియ్యనిది ఒకటి. మడిచేసి గూట్లో పెట్టింది ఒకటి.”

“ఐదూ తేలాయి. ఆరోది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ రోజు తెచ్చిన కొత్త పెట్టె సీలు కూడా ఊడలేదు.”

“ఎక్కడో కొనుక్కుని ఉంటుంది.”

“అది శొంఠి కాదు సార్, కొట్టుకెళ్ళి కొనుక్కోవడానికి. ఇంకొకటి చెప్పండి. చంపాలనుకున్న మనిషి ఇంట్లో అడుగుపెడుతూనే ప్యాచ్ ఎందుకు పీకుతుంది?”

“సాక్ష్యం మాయం చెయ్యడానికి.”

“మాయం చేసేది మడిచి గూట్లో పెడుతుందా? మత్తెక్కువైతే మొదట ప్యాచ్ తీసెయ్యాలని నేర్పారు. నేర్పినట్టే చేసింది.” బల్ల మీది ఫైల్లో ఉన్న శవపరీక్ష కాగితంలో ఓ వరస మీద ధనశ్రీ వేలు ఆగింది. “ఈ మచ్చేమిటి? వీపు మీద ఎర్రగా కమిలిన గుర్తు. పొడవు తొమ్మిది అంగుళాలు, వెడల్పు నాలుగు.”

“ప్యాచ్ పడక లేచిన దద్దురు.”

“అగ్గిపెట్టెకి ఇంత పెద్ద దద్దురా?”

దేవీప్రసాద్ మొహం గంటుపెట్టుకున్నాడు. “మీకు కోర్టువారు ముసలాయన గది చూసే అనుమతి ఇచ్చారు కదా. మూడున్నరకి సీలు తీస్తాను. పది నిమిషాలు. పదకొండో నిమిషం తాళం పడుతుంది.”

బయటికొచ్చాక నానాజీ అరుగు మీద కూలబడ్డాడు. “ఇంకేటుందక్కా? మందు ఎక్కువైందని ఆళ్ళే రాసేక మన మాట ఎవుడింటాడు?”

ధనశ్రీ ఒక్కొక్కరినే లెక్కేసుకుంది. ఆ మందును నానాజీ ఏనాడూ తాకలేదు. వాళ్ళమ్మ తాకలేదు. నొప్పితో నడుం తిప్పలేని సూరిబాబు చెయ్యి వీపు దాకా పోదు. ఎటు తిప్పి చూసినా మిగిలేది అమ్మణ్ణి ఒక్కతే.

*

మునగపాకకు బయల్దేరేముందు ధనశ్రీ అమ్మణ్ణి నోటుబుక్కు నకలు మళ్ళీ తిరగేసింది. ఎనిమిదో తరగతితో ఆపేసిన పిల్ల గుండ్రటి రాత. ఏ రోజు ప్యాచ్ వేసిందో, ఎక్కడ వేసిందో, ఏ గంటకో. మావయ్యకు నిద్ర పట్టిన రోజు పక్కనే నవ్వే మొహం బొమ్మ. నెలన్నరలో అలాంటివి ఏడే ఉన్నాయి. ఒకదానికి మీసాలు కూడా పెట్టింది. ధనశ్రీకి నవ్వొచ్చింది. ఆఖరి రాత బుధవారంది: పొద్దున్న తొమ్మిదికి కొత్త ప్యాచ్. నిద్దట్లో పీక్కుంటున్నాడని ఈసారి వీపు మీద.

అట్ట లోపల నర్సు చెప్పగా రాసుకున్న జాగ్రత్తలు. ప్యాచ్ కత్తిరించకూడదు. పాతది తీశాకే కొత్తది. ఒకరిది ఇంకొకరికి వెయ్యకూడదు. వేడినీళ్ళ సంచి పెట్టకూడదు. లేపినా లేవకుండా మత్తుగా ఉంటే, ఊపిరి నెమ్మదిస్తే, గురక వింతగా ఉంటే వెంటనే ఫోన్ చెయ్యాలి.

“నానాజీ, ఇవి చెప్పినప్పుడు మీ అమ్మ కూడా ఆసుపత్రిలో ఉందా?”

“ఉందక్కా. బయట బెంచీ మీద. క్యారేజీకి కాపలా కూకుంది.”

*

మూడూ ముప్పై రెండుకి సీలు ఊడింది. దేవీప్రసాద్ గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. అతని వెనక సూరిబాబు భార్య అప్పలనర్సమ్మ, కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నలభై రోజుల్లో ఆమె సగమైపోయింది.

గదిలో ఉన్నవి మూడే. గూడు, స్టూలు, మంచం. గూట్లో ఏమీ లేదు. స్టూలు మీద ఎండిపోయిన గ్లాసు. ధనశ్రీ మంచం మీద కూర్చుంది. కూర్చోగానే ఒకవైపు భుజం దిగింది. చేతిలోని పెన్ను మంచం చెక్క మీద పెట్టింది. పెన్ను గోడవైపు దొర్లి నేల మీద పడింది.

“ఆరు నిమిషాలు,” అన్నాడు దేవీప్రసాద్.

“మంచం వంకరగా ఉంది.”

“పల్లెటూరి మంచం. మీకు పట్టెమంచం వేయిస్తారా?”

ధనశ్రీ వంగి చూసింది. ఊపిరి ఆడాలని తలవైపు మంచంకోళ్ళు ఎత్తులో పెట్టారు. గోడవైపు కోడు కింద ఒక ఇటుక. గుమ్మం వైపు కోడు కింద రెండు. గోడవైపుదీ, గుమ్మం వైపు పైదీ ఎర్రటి కొత్త ఇటుకలు. గుమ్మం వైపు అడుగున ఉన్నది మాత్రం నల్లగా ఉంది. వేలితో రాస్తే మసి అంటుకుంది. మసి మీద మైనంలా మెరుపు. ధనశ్రీ వేలు వాసన చూసింది. మాడిన బెల్లం.

“టేపు ఉందా సార్?”

“ఇటుక కొలవడానికి టేపెందుకు? తొమ్మిది, నాలుగు…” దేవీప్రసాద్ మాట సగంలో ఆగిపోయింది.

ధనశ్రీ శవపరీక్ష కాగితంలోని మచ్చ కొలత అతనికి చూపించింది.

నవ్వే మొహానికి మీసాలు దిద్దిన పిల్ల, మామగారిని ఒక్క పూటైనా వంకర మంచం మీద పడుకోబెట్టదు. అంటే ఈ ఇటుక ఆయన పోయాక ఇక్కడికి చేరింది. ధనశ్రీకి ఇక ఆపుదామా అనిపించింది. కానీ జైల్లో కడుపుతో ఉన్న పిల్ల కళ్ళ ముందు మెదిలింది. ఆమె మెల్లగా లేచి గుమ్మం దగ్గరకు వచ్చింది.

“పెద్దమ్మా, ఈ నల్ల ఇటుక ఎక్కడిది?”

అప్పలనర్సమ్మ తొంగి చూసింది. “అదా? మన బెల్లం బట్టీదే తల్లీ. పొయ్యి మూతికాడిది. మంచం కిందకెలగొచ్చింది?”

“బట్టీలోంచి ఎవరు తీశారు?”

“నానే తీసేను. ఆ గురువారం.”

“ఎందుకు?”

“ఎందుకేటమ్మా! కోడలు తొలి బస్సుకి ఎల్లిపోయింది, ఈడు తోటకెల్లేడు. పొద్దున్న ఏడు గంటలవుతాదేమో, ‘యీపంతా పీకేత్తందే’ అని ఈయన ఒకటే ఏడుపు. యాబై ఏళ్ళు కాపరం సేసేను, ఆయన కంట నీరు ఎరగను. కోడలు సెప్పింది గదా, యేన్నీళ్ళ సంచి ఎట్టకత్తా అని. ఆ సంచి నాను ముట్టుకోలేదు. మీ మీదొట్టు.” ఆమె కొడుకు వైపు చూసింది, నువ్వు చెప్పరా అన్నట్టు. “బట్టీకాడ పన్జేసినోళ్ళం నడుం పట్టేత్తే ఏటి సేత్తాం? ఇటిక కాల్చి, గోనెలో సుట్టి యీపు కిందెట్టుకుంటాం. మా మావ అలగే ఎట్టుకున్నాడు. ఈయనా అలగే. అదే ఎట్టేను.”

“ఎంతసేపు?”

“కోడలొచ్చీదాకా. రొండిటికలు. ఒకటి సల్లారితే పొయ్యిలోది ఇంకోటి. నాలుగుసార్లు మార్చేను.”

“ఏడు నుంచి పన్నెండు దాకా,” అంది ధనశ్రీ. “ఆయన ఎలా ఉన్నాడు పెద్దమ్మా?”

అప్పలనర్సమ్మ మొహం విప్పారింది. నలభై రోజుల్లో మొదటిసారి.

“తొమ్మిదయ్యీసరికి నిద్దరట్టేసింది తల్లీ! ఏటి గురక, ఏటి గురక! ఆర్నెల్లయింది నాను ఆ గురక ఇని. పెళ్ళయిన కొత్తలో ఆ గురక్కి నాకు నిద్దరుండీది కాదు. పుట్టింటికి పోతానని దెబ్బలాడీదాన్ని. ఆ పొద్దు పక్కనే కూకుని ఇన్నాను. పెరట్లో కోడి కూత్తే తోలేసేను, లేత్తాడేమోనని. పాలోడొత్తే సైగ సేసి పంపేసేను. పదకొండయ్యీసరికి గురకాగింది. సిన్నగా, సానా సిన్నగా ఊపిరి. ఎంత సుఖంగా ఉన్నాడో! ఏదైతేనేం, పోయేముందు నా సేతి మీద ఓ పూట సుఖపడ్డాడు. అదొక్కటే నాకు మిగిలింది.”

నానాజీ గోడకు చేరగిలబడ్డాడు. అతనికి అర్థమైపోయింది. ధనశ్రీ దేవీప్రసాద్ వైపు తిరిగి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

కానీ అతను నలభై రోజుల కేసు చేతిలోంచి జారుతున్న మనిషి.

“అంటే వేడికి ప్యాచ్‌లో మందు…”

“సార్!”

“మూడు రోజుల మందు ఒక్కసారిగా దిగిందంటారు. అంతేనా? ఆ ఇటుకే చంపిందంటారు!”

“ఆపండి సార్!”

“నేనాపితే కాగితం ఆగుతుందా? కోడల్ని విడిపించాలంటే ఈ మాట మీరు కోర్టులో చెప్పాలా వద్దా? ఈమె ముందు దాచి, జడ్జిగారి ముందు ఎలా చెబుతారు?”

అదే మాట ధనశ్రీ కూడా అనుకుంటోంది. అందుకే ఆమెకు అతని మీద అంత కోపం వచ్చింది.

అప్పలనర్సమ్మ ఒకసారి సి.ఐ. వంక, ఒకసారి మంచం వంక చూసింది. ఆమె మొహంలో వెలుగు ఒక్కసారిగా ఆరలేదు. ఎగదోసే చెరకుపిప్పి అయిపోయిన పొయ్యిలా, లోపల్లోపలి నుంచి తగ్గుతూ వచ్చింది.

“ఆ గురక…” అంది. “అది నిద్దర కాదా తల్లీ?”

ధనశ్రీ అబద్ధం వెతికింది. దొరకలేదు. ముసలామె చెయ్యి పట్టుకుని గుమ్మంలో కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది.

“మీకెవరూ చెప్పలేదు పెద్దమ్మా. సంచి వద్దన్నారు గానీ, ఏ వేడీ వద్దని మీకు చెప్పలేదు.”

“పక్కనే కూకున్నాను,” అంది అప్పలనర్సమ్మ. “కోడిని తోలేసేను.”

కొంచెంసేపటికి ధనశ్రీ అడగాల్సిన ఆఖరి ప్రశ్న అడిగింది. “ఆ ఇటుక వీపు కింద నుంచి ఎవరు తీశారు?”

“నాను తియ్యలేదు. కోడలొచ్చి యీపు కింద సెయ్యెట్టింది. మొకం తెల్లగా అయిపోయింది. ప్యాచీ పీకేసి, ‘అత్తా, పక్కింటికెళ్ళి అంబులెన్సుకి ఫోన్ సేయించు’ అంది. నానెల్లి వచ్చీసరికి అయిపోయింది.”

కాబట్టి మంచం ఎత్తి ఆ ఇటుక కోడు కిందకు తోసింది అమ్మణ్ణే. వచ్చిన క్షణంలోనే ఆమెకు అంతా తెలుసు. పోలీసులు కొట్టినంత పని చేసినా, లాయరు బతిమాలినా, ధనశ్రీ మూడుసార్లు అడిగినా నోరు విప్పలేదు. విప్పితే, ‘నా సేతి మీద సుఖపడ్డాడు’ అన్న ఒక్క మాట మీద బతుకుతున్న ఈ మనిషికి ఆ మాట కూడా ఉండదు. అందుకే జైల్లో అదొక్కటే అడిగేది. మా అత్త అన్నం తింటందా?

దేవీప్రసాద్ ఫోను మోగింది. పక్కకు వెళ్ళి మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి అతని గొంతులో వెటకారం లేదు.

“జైలు నుంచి. అమ్మణ్ణి మధ్యాహ్నం కాగితం రాసిచ్చిందట. మామగారికి రెండో ప్యాచ్ తనే వేశానని, రేపు పదకొండు గంటలకి మేజిస్ట్రేటు ముందు ఒప్పుకుంటానని.”

“అదేటి!” నానాజీ అరిచాడు. వెంటనే నెత్తి కొట్టుకున్నాడు. “నానే సెప్పేనక్కా. పన్నెండింటికి జైలు ఫోన్‌లో మాటాడింది. విషం కాదంట, ప్యాచీ మందు ఎక్కువైందంట, ఎలగెక్కువైందో ధనశ్రీ అక్క గది సూత్తాదంట అని సెప్పేసేను.”

మందు పేరు బయటపడింది. ఇక వెతుకులాట ఇటుక దాకా వస్తుంది. రాకముందే నేరం నెత్తిన వేసుకుంటే వెతికేవాళ్ళుండరు. అమ్మణ్ణి లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

“ఒకసారి ఒప్పుకుందంటే వెనక్కి తియ్యడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు,” అన్నాడు దేవీప్రసాద్. “అలా అని ఈమె చెబితే ఈమె మీద కేసు. తెలియక చేసిందని కోర్టు నమ్ముతుందో లేదో నేను చెప్పలేను. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాల్సిందే డిటెక్టివ్ గారూ. మీరు ఎవర్ని కాపాడతారు?”

ధనశ్రీకి ఉదయం తిన్న బెల్లం తీపి నోట్లో ఇంకా ఉన్నట్టే ఉంది. ఉమ్మేయాలనిపించింది.

“ఒరే నానాజీ,” అంది అప్పలనర్సమ్మ. “రేపు తొలి బస్సు ఎన్నింటికి?”

“ఐదున్నరకమ్మా. ఎందుకు?”

“దాన్లో ఎల్దాం.”

“కోర్టు పదకొండుకే. అనకాపల్లి ఎంత దూరమని…”

“కోర్టు తలుపు తీసీసరికి గుమ్మంలో నానుండాల. ఆ పిల్ల నోరిప్పకముందే నాను సెప్పాల.” ఆమె లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. లోపలికి వెళ్ళి, మంచం కోడు దగ్గర కూలబడి, నల్ల ఇటుక మీదికి చెయ్యి చాపింది.

“దాన్ని ముట్టుకోకూడదు మామ్మగారూ,” అన్నాడు దేవీప్రసాద్, మెల్లగా. “అది సాక్ష్యం.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

“అయితే రేపు నువ్వే అట్టుకురా బాబూ. గోనె అక్కర్లేదు. ఇప్పుడు సల్లగానే ఉంది.”